దాచి ఉంచిన గొంతు

స్టైలిస్టిక్స్ ఫిలడెల్ఫియాకు చెందిన ఐదుగురు గాయకులతో మొదలైన బృందం. వాళ్లలో రసెల్ థాంప్‌కిన్స్ జూనియర్‌ది ఫాల్సెట్టో. మగగొంతు తన సహజ స్థాయి దాటి, సన్నబడి, ఆడగొంతుల ఎత్తులో పలికే తీరది. అలాంటి గొంతు దొరికితే ఏ సంగీత దర్శకుడైనా పాట మొదటి మాట నుంచే వాడుకుంటాడు. వాళ్ల ‘యూ మేక్ మీ ఫీల్ బ్రాండ్ న్యూ’ పాటలో సంగీత దర్శకుడు థామ్ బెల్ ఆ పని చెయ్యలేదు. 1974లో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో రెండో స్థానందాకా వెళ్లిన ఈ పాటలోని ప్రేమంతా ఆ నిగ్రహంలోంచే పుట్టిందని నా నమ్మకం.

మన సినిమా పాటలా ఇది పల్లవితో మొదలుకాదు, చరణమే ముందు. దాన్ని పాడేది బృందంలోని మరో గాయకుడు ఏరియన్ లవ్, కింది స్థాయిలో, నిండైన బారిటోన్‌తో. లిండా క్రీడ్ రాసిన మాటలు ప్రియురాలికి కృతజ్ఞత చెప్పుకునేవి. వాటిని అతను ఎదుట కూర్చున్న మనిషికి చెబుతున్నంత నిదానంగా పలుకుతాడు. పల్లవి రాగానే థాంప్‌కిన్స్ అందుకుంటాడు. లయ వేగం పెరగదు, గొంతు బిగుసుకోదు, ఒక్క అక్షరమూ నలగదు. పెరిగేది ఎత్తు ఒక్కటే. ఇద్దరు పాడుతున్నా వినిపించేది ఒకే మనిషి: నిబ్బరంగా చెప్పగలిగినంత చెప్పాక, ఇక ఆపుకోలేకపోయిన మనిషి. రెండో చరణంలో పాట మళ్లీ ఏరియన్ దగ్గరికి దిగివస్తుంది. ఆ దిగడం లేకపోతే రెండోసారి ఎక్కడానికి అంత బలం ఉండేది కాదు.

బెల్ నిగ్రహం వాద్యాల్లోనూ కనిపిస్తుంది. అతను చిన్నప్పటి నుంచీ శాస్త్రీయ పియానో నేర్చుకున్నవాడు. 1968లో డెల్ఫోనిక్స్ బృందానికి చేసిన పాటల్లోనే సోల్ సంగీతంలో ఫ్రెంచ్ హార్న్‌ను వాడాడు. ఈ పాటలో వినిపించే ఎలక్ట్రిక్ సితార్ పేరుకే సితార్, కట్టుబడి గిటార్‌దే. తీగల కింది బ్రిడ్జి ఆ జుమ్మనే నాదాన్ని ఇస్తుంది. బెల్ దాన్ని కొద్దిగానే వాడతాడు, గొంతుకు అడ్డురానివ్వడు.

మూడు ఆల్బమ్‌ల తర్వాత, 1974లో, బెల్ ఈ బృందానికి దూరమయ్యాడు. మరుసటి ఏడాది వాళ్ల ‘కాంట్ గివ్ యూ ఎనీథింగ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. డిస్కో ఊపున్న హుషారైన పాట. అందులో థాంప్‌కిన్స్ మొదటి మాట నుంచే పైస్థాయిలో ఉంటాడు. గొంతు అదే, అంతే స్వచ్ఛం. కానీ దానికోసం ఎదురుచూసే అవకాశం మనకు దక్కదు.