ఒకే ఒక్క స్క్రూ

సోనీ ఆటల యంత్రం ప్లేస్టేషన్ 4, అంటే పీఎస్4, మొదటి మోడల్ పైభాగం కొంత గరుకు నలుపు, కొంత నిగనిగలాడే నలుపు. 2013 నవంబరులో అది బయటికొచ్చినప్పుడు ఈ రెండు రకాల నలుపునీ చాలామంది సోకు కోసం చేసిన పని అనుకున్నారు. నిజానికి ఆ మెరిసే భాగం ఒక మూత. అరచేత్తో నొక్కి పక్కకు నెడితే జారి చేతిలోకి వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, గోరు పెట్టి పీకక్కర్లేదు, ఏ కొక్కెం విరుగుతుందో అని బిక్కుబిక్కుమనక్కర్లేదు. దాని కింద ముందువైపున రేకుతో చేసిన చిన్న ట్రే ఉంటుంది. హార్డ్ డిస్కు అందులోనే ఉంటుంది. ఆ ట్రేని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ.

ఆ స్క్రూని కాస్త దగ్గరగా చూడాలి. మామూలు ప్లస్ గాడి ఉన్న స్క్రూయే. మన రిపేరు షాపుల్లో స్టార్ స్క్రూడ్రైవర్ అని పిలిచేదే దానికి సరిపోతుంది. అయితే గాడి చుట్టూ తల మీద త్రిభుజం, వృత్తం, ఇంటూ, చతురస్రం అచ్చొత్తి ఉంటాయి. అంటే కంట్రోలర్ మీది నాలుగు గుర్తులే. వేలి గోరంత లేని లోహం ముక్క మీద ఇంత శ్రద్ధ దేనికి? ముచ్చట కోసమే అయితే మూత కింద దాచరు కదా. మూత తీసిన మనిషి అంతకుముందు ఏ యంత్రాన్నీ విప్పి ఎరగడు. ఏది విప్పొచ్చో, ఏది ముట్టుకోకూడదో అతనికి తెలియదు. గుర్తులున్న స్క్రూ ఒక్కటే అతనిది. మిగతా పెట్టెని బిగించిన స్క్రూలు ఆరు కోణాల గాడి ఉన్నవి, కొన్నిటిని వారంటీ స్టిక్కర్ల కింద దాచారు. వాటికి స్టార్ స్క్రూడ్రైవర్ పట్టదు. ఎక్కడిదాకా వెళ్లొచ్చో, ఎక్కడ ఆగాలో ఒక్క అక్షరం రాయకుండా చెప్పేశారు. డిస్కు మార్చే పద్ధతిని సోనీ తన సూచనల్లో బొమ్మలతో సహా ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ సూచనలు చదివేదెవరు?

స్క్రూ తీసి ట్రేని ముందుకు లాగితే డిస్కుతో సహా జారి వస్తుంది. ఊడబెరకాల్సిన తీగలేవీ లేవు. ప్లగ్గు లోపలే స్థిరంగా బిగించి ఉంటుంది. ట్రేని దాని గాడిలో పెట్టి తోస్తే డిస్కు నేరుగా వెళ్లి ప్లగ్గులో కూర్చుంటుంది. వంకరగా పెడదామన్నా కుదరదు. తొందరపాటు చెయ్యి ఎక్కువ పాడుచేసేది ఇలాంటి ప్లగ్గుల్నే కాబట్టి, ఆ అవకాశాన్ని గాడి రూపంలోనే తీసేశారన్నమాట.

ట్రేకీ డిస్కుకీ మధ్య నాలుగు స్క్రూలుంటాయి, అటు రెండు, ఇటు రెండు. ఒక్కోదాని చుట్టూ ఓ రబ్బరు ఉంగరం. డిస్కు మార్చేవాళ్లు వీటిని తీసి పక్కనపెట్టి, తిరిగి బిగించేటప్పుడు ఒకటి మరిచిపోవడం మామూలే. మరిచిపోయినా యంత్రం నడుస్తుంది, అందుకే వాటి విలువ తెలియదు. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకి 90 చుట్లు తిరుగుతుంది. చదివే మొన దానికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. అదే పెట్టెలో బ్లూ-రే డ్రైవు గిర్రున తిరుగుతుంటుంది, ఫ్యాను రొద పెడుతుంటుంది. వాటి అదురు రేకు గుండా డిస్కుకి చేరకుండా మింగేవి ఈ రబ్బరు ఉంగరాలే. డిస్కు అదురు పెట్టెకి పాకి, రాత్రిపూట గదంతా హూంకరించకుండా ఆపేవీ అవే. స్క్రూలు మరీ బిర్రుగా బిగిస్తే రబ్బరు నలిగి రాయిలా అయిపోతుంది, పెట్టినా పెట్టనట్టే. ఆగేదాకా తిప్పి, అక్కడితో చాలించాలి.

ఈ పనితనం ఒక్కరోజులో వచ్చింది కాదు. 2006 నవంబరు 11న జపాన్‌లో పీఎస్3 విడుదలైనప్పుడు 20 జీబీ, 60 జీబీ మోడళ్లు వచ్చాయి. రెండింటిలోనూ ల్యాప్‌టాప్‌లో వాడే మామూలు 2.5 అంగుళాల సాటా డిస్కే. దాని ట్రేని పట్టి ఉంచిన స్క్రూ నీలి రంగుది. గుర్తు పట్టడానికి రంగు వాడటం మంచి ఊహే, కానీ ఆ స్క్రూ తల కాస్త మెత్తన. సరిపోని స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పితే గాడి అరిగి బోడిగుండయ్యేది, ఇక దాన్ని డ్రిల్లు పెట్టి తీయాల్సిందే. పీఎస్4 నాటికి రంగు పోయి గుర్తులు వచ్చాయి.

అవతలివాళ్లు ఏం చేశారో చూస్తే సోనీ ఎంచుకున్న దారి విలువ తెలుస్తుంది. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన తొలి ఎక్స్‌బాక్స్‌లోనూ హార్డ్ డిస్కు ఉంది. కానీ దానికి పాస్‌వర్డ్ వేశారు, అది కూడా ఒక్కో యంత్రానికి ఒక్కోటి. పెట్టె విప్పి వేరే డిస్కు పెడితే యంత్రం ఒప్పుకోదు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో డిస్కు తీయడం పీఎస్3 కంటే తేలిక. ఒక మీట నొక్కితే డబ్బాతో సహా ఊడివస్తుంది. డబ్బా లోపల ఉన్నది మళ్లీ ల్యాప్‌టాప్ డిస్కే. కాకపోతే అందులో ఒకచోట కంపెనీ సంతకం ఉండాలి, సంతకం లేని డిస్కుని యంత్రం పట్టించుకోదు. బజారు డిస్కు ఎంత చవగ్గా దొరికినా, కంపెనీ డబ్బానే కంపెనీ ధరకే కొనాలి. పీఎస్3లో చెయ్యాల్సిన పని కాస్త ఎక్కువ, కానీ ఏ డిస్కు కొనాలో తేల్చుకునేది కొన్నవాడే. నాకు నచ్చేది రెండోదే.

ఆటలు దొంగిలిస్తారన్న భయం సోనీకి మాత్రం లేదా? ఉంది. వాళ్లు తాళం తలుపుకి వేయలేదు, లోపలి సరుకుకి వేశారు. పీఎస్3 అయినా పీఎస్4 అయినా డిస్కు మీద రాసే సమాచారాన్ని ఆ ఒక్క యంత్రానికే చెందిన కీతో గుప్తలిపిలోకి మార్చి రాస్తుంది. ఆ డిస్కుని కంప్యూటర్‌కి తగిలిస్తే అర్థంపర్థం లేని సున్నాలు, ఒకట్లు. పక్కింటివాళ్ల పీఎస్4లో పెడితే ఆ యంత్రం చదవదు, ముందు ఫార్మాట్ చేయమంటుంది. సరుకు ఇంత భద్రంగా ఉన్నాక డిస్కు ఎవరు తీసినా, ఏ కంపెనీది పెట్టినా నష్టమేముంది? మూతని చేత్తో నెడితే జారిపోయేలా చేయగలిగారంటే ధైర్యం ఇచ్చింది లోపలి ఆ లెక్కలే. బయటి పనితనాన్ని మెచ్చుకుని లోపలిదాన్ని వదిలేస్తే సగమే చూసినట్టు.

ఇది మామూలు డిస్కు కావడం వల్ల మనకి కలిగిన మేలు మాటల్లో చెప్పలేం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ బజారుకి వెళ్లి ల్యాప్‌టాప్ డిస్కు అడిగితే చాలు, ప్లేస్టేషన్ పేరెత్తనక్కర్లేదు. పీఎస్4తో వచ్చిన 500 జీబీలో ఆటలకి మిగిలేది 400 పైచిలుకు. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 100 జీబీ దాకా తింటుంది. అలాంటివి నాలుగు ఎక్కిస్తే ఇల్లు నిండినట్టే. ఒకటి చెరిపి మరొకటి ఎక్కించడం తేలికైన పనిలా వినిపిస్తుంది గానీ, నెలకింత అని కోటా పెట్టి అది దాటగానే నత్తనడక నడిచిన బ్రాడ్‌బ్యాండ్ రోజుల్లో, చెరిపిన ఆటని మళ్లీ దింపుకోవడమంటే వారం పని. పెద్ద డిస్కు అప్పట్లో సోకు కాదు, అవసరం.

కొనేటప్పుడు చూడాల్సింది కెపాసిటీ కంటే ముందు మందం. ట్రేలో పట్టేది 9.5 మి.మీ. దాకానే. 2 టీబీ వరకు ఆ మందంలో దొరుకుతాయి. 2.5 అంగుళాల డిస్కుల్లో 4 టీబీవి చాలావరకు 15 మి.మీ. లావు, ట్రేలోకే దూరవు. బయట పెట్టుకునే పోర్టబుల్ డిస్కు చవక అని కొని, దాన్ని పగలగొట్టి లోపలిది తీసి పెడదామనుకునే వాళ్లకి ఇంకో చిక్కు. కొన్నిటిలో సాటా ప్లగ్గే ఉండదు, యూఎస్‌బీ సాకెట్‌ని డిస్కు బోర్డుకే అతికించేస్తారు. పగలగొట్టాక గానీ ఆ సంగతి తెలియదు.

ఇక ఫార్మాట్ కొట్టే ఘట్టం. బిగింపులో చూపిన శ్రద్ధ ఇక్కడ కాస్త సడలిందని చెప్పక తప్పదు. పీఎస్4 నడిచే సాఫ్ట్‌వేర్ ఉండేది హార్డ్ డిస్కు మీదే. ఖాళీ డిస్కు పెట్టి ఆన్ చేస్తే యంత్రం దగ్గర మిగిలేది బోర్డు మీది చిప్‌లో దాచుకున్న కాసింత బుద్ధి మాత్రమే. దాంతోనే అది సేఫ్ మోడ్‌లోకి లేచి, సాఫ్ట్‌వేర్ ఉన్న యూఎస్‌బీ పెట్టమంటుంది. తొలినాటి లావు పీఎస్3లో ఈ బాధ లేదు. దాని సాఫ్ట్‌వేర్ అంతా 256 ఎంబీ ఫ్లాష్ మెమరీలో ఉండేది కనుక కొత్త డిస్కు కనిపించగానే ఫార్మాట్ చేయనా అని అడిగి, ఊ అంటే చేసేసేది. తర్వాతి మోడళ్లలో ఆ ఫ్లాష్‌ని 16 ఎంబీకి కుదించి చాలా భాగం డిస్కు మీదికి నెట్టారు. పీఎస్4లోనూ కథ అదే.

అందుకని కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 పద్ధతిలోనో ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోనో ఫార్మాట్ చేసి, అందులో పీఎస్4 అనే ఫోల్డరు, దాంట్లో అప్‌డేట్ అనే ఫోల్డరు పెట్టాలి. పేర్లన్నీ పెద్దక్షరాల్లో, పొల్లుపోకుండా ఉండాలి. సోనీ సైటు నుంచి దించిన ఫైలుని అందులో వేయాలి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. సైటులో ఫైళ్లు రెండు, ఒకటి అప్‌డేట్ కోసం, ఒకటి మొత్తం తిరిగి ఎక్కించడం కోసం. రెండింటి పేరూ ఒకటే. మొత్తం ఎక్కించేది 1 జీబీ దాకా ఉంటుంది, అప్‌డేట్‌ది అందులో దాదాపు సగం. చిన్నది పెడితే యంత్రం ఫైలు కనబడలేదని మొండికేస్తుంది. కళ్లెదుటే ఉన్న ఫైలు లేదంటుంటే పాపం ఆ మనిషి పెన్‌డ్రైవ్‌ని తిట్టుకుంటాడు, డిస్కుని తిట్టుకుంటాడు. స్క్రూ మీద నాలుగు గుర్తులు వేసిన చోట రెండు ఫైళ్లకి రెండు పేర్లు పెట్టడం అంత కష్టమా?

సరైన ఫైలు ఉంటే మిగతాది నిమిషాల పని. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఒక బీప్, ఏడు సెకన్లకి ఇంకో బీప్. రెండోది వినిపించగానే వేలు తీయాలి. కంట్రోలర్‌ని కేబుల్‌తో కలపాలి, సేఫ్ మోడ్‌లో వైర్‌లెస్ పని చేయదు. జాబితాలో 7వది ఎంచుకుంటే కొత్త డిస్కుని యంత్రం తన పద్ధతిలో గీసుకుని, తన కీతో దున్నుకుని, సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటుంది. డిస్కుని ముందుగా కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసి తేవడం వృథా శ్రమ, ఆ గీతలన్నీ ఇది చెరిపేస్తుంది.

విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది. సెట్టింగ్స్‌లో బ్యాకప్ తీసుకుంటే ఆటలూ సేవ్ ఫైళ్లూ యూఎస్‌బీ డిస్కు మీదికి వస్తాయి. ట్రోఫీలు మాత్రం రావు, వాటిని సర్వర్‌తో విడిగా సింక్ చేసుకోవాలి. బయటికి తీసిన పాత 500 జీబీని పారేయకండి. 2017 మార్చిలో వచ్చిన 4.50 సాఫ్ట్‌వేర్ వెర్షన్ నుంచి 250 జీబీ మొదలు 8 టీబీ దాకా యూఎస్‌బీ 3 డిస్కు ఏదైనా పీఎస్4 ఆటలకి వాడుకోనిస్తుంది. ఓ యూఎస్‌బీ 3 కేసులో పెడితే పాతదీ కొలువులో ఉంటుంది.

పెద్ద డిస్కు పెడితే చోటు పెరుగుతుంది గానీ వేగం అంతగా పెరగదు. ఎందుకో 2020 మార్చిలో పీఎస్5 గురించి మాట్లాడుతూ దాని రూపకర్త మార్క్ సెర్నీ వివరించాడు. హార్డ్ డిస్కులో మొన ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలడానికే కాలం పడుతుంది. అందుకని స్పైడర్‌మ్యాన్ ఆటలో నగర వీధుల్లో కనిపించే పోస్టు డబ్బా లాంటి వస్తువుల్ని మొన ఎక్కడుంటే అక్కడే దొరికేలా డిస్కు మీద 400 సార్లు రాసిపెట్టారట. 100 జీబీ ఆటల లావులో కొంత ఇలాంటి నకళ్లదే.

పీఎస్5లో ఆ మొనా లేదు, పళ్లెమూ లేదు. 825 జీబీ ఎస్‌ఎస్‌డీని, అంటే మెమరీ చిప్‌లనే, బోర్డుకే అతికేశారు, తీసే వీలు లేదు. ఇది నాకు వెనకడుగే అనిపిస్తుంది. దానికి బదులు ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడానికి పక్కన ఎం.2 స్లాట్ ఒకటి ఇచ్చారు. యంత్రం వచ్చింది 2020 నవంబరులో, స్లాట్ పని చేయడం మొదలుపెట్టింది 2021 సెప్టెంబరులో. గుమ్మం కట్టి పది నెలలు తాళం వేశారు. స్లాట్‌లోకి చూస్తే పాత చెయ్యి మళ్లీ కనిపిస్తుంది. బయటి తెల్ల పలకని చేత్తోనే జరపొచ్చు, స్లాట్ మూతకి ఒకే స్క్రూ. లోపల ఎస్‌ఎస్‌డీ పొడవుని బట్టి స్క్రూ బిగించడానికి 30 నుంచి 110 మి.మీ. దాకా ఐదు చోట్ల రంధ్రాలున్నాయి. పొట్టిదైనా పొడుగుదైనా అదే స్క్రూ, అదే చిన్న లోహపు దిమ్మ. వేడి లాగేసే హీట్‌సింక్ మాత్రం తప్పనిసరి. దానితో కలిపి మందం 11.25 మి.మీ. దాటకూడదు, దాటితే మూత పడదు.

ఫార్మాట్ దగ్గర మాత్రం ఈసారి నిజంగా బాగుచేశారు. ఎస్‌ఎస్‌డీ పెట్టి ఆన్ చేయగానే ఒక తెర వస్తుంది, ఫార్మాట్ చేయమని అడుగుతుంది. ఒక్క నొక్కు. కొన్ని సెకన్లలో అయిపోయి, ఆ ఎస్‌ఎస్‌డీ సెకనుకి ఎన్ని మెగాబైట్లు చదవగలదో యంత్రమే కొలిచి అంకె చూపిస్తుంది. సోనీ అడిగేది 5500. పెన్‌డ్రైవ్ లేదు, ఫోల్డరు పేర్లు లేవు, ఒకే పేరున్న రెండు ఫైళ్లు లేవు. అమ్మినవాడు డబ్బా మీద రాసిన వేగం నిజమో కాదో తేల్చుకోవడానికి వేరే ఏ పరికరమూ అక్కర్లేదు.