ఏడు యాడ కూర్చుంటాది?

సుడోకు అనగానే "నాకు లెక్కలు రావప్పా" అని పేపరు మడిచి పక్కన పడేసేవాళ్ళు అనంతపురంలో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. అంకెలు కనబడగానే ఇంటర్లో తప్పిన పరీక్ష గుర్తొస్తుందేమో తెలీదు. నిజానికి అందులో కూడిక లేదు, తీసివేత లేదు. ఒకటి నుంచి తొమ్మిది బదులు తొమ్మిది అక్షరాలు వేసినా, తొమ్మిది బొమ్మలు వేసినా ఆట మారదు. ఉన్న నియమం ఒక్కటే. ప్రతి అడ్డ వరుసలో, ప్రతి నిలువు వరుసలో, తొమ్మిదేసి గళ్ళున్న ప్రతి పెట్టెలో ఏ అంకె అయినా ఒక్కసారే రావాలి.

నాకు దీని కిటుకు చెప్పింది లెక్కల మాస్టారు కాదు, మా చిన్నాయన. కళ్యాణదుర్గం దగ్గర వానను నమ్ముకుని శెనక్కాయ వేస్తాడు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి, ఈశాన్య మేఘాలు కోస్తా దాటేసరికి నీరసిస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే ఈ సీమలో జూన్, జూలై నెలలంటే రైతుకు ఎదురుచూపే. మృగశిర పోతుంది, ఆరుద్ర పోతుంది. విత్తనం ఒలిచి పెట్టుకుని, గొర్రు సరిచేసుకుని, పదును వాన కోసం ఆకాశం చూడటం తప్ప పనుండదు. ఆ రోజుల్లోనే టీ అంగట్లో పేపరుకు ఆయన అలవాటు పడ్డాడు. టీ అంగడి పేపరు సంగతి తెలిసిందే. పొద్దున ఎనిమిదికల్లా షీట్లు షీట్లుగా విడిపోయి నలుగురి చేతుల్లో ఉంటుంది. సుడోకు ఉన్న షీటు దొరికేసరికి ఎవరో మహానుభావుడు బాల్‌పెన్నుతో సగం తప్పులు నింపి పెట్టి ఉంటాడు. దాన్ని కొట్టేసి మొదట్నుంచి చేయడం మా చిన్నాయనకు అదో పట్టుదల.

నేను చేసే తీరు చూసి ఒకసారి నవ్వాడు. ఖాళీ గడి ఒకటి పట్టుకుని "ఇక్కడ ఒకటి వస్తుందా, రెండు వస్తుందా, మూడు వస్తుందా" అని తొమ్మిది దాకా లెక్కబెడుతున్నాను. "రేయ్ అబ్బీ, గడిని అడిగితే అది చెప్తాదా? ఏడును అడుగు, యాడ కూర్చుంటావని" అన్నాడు.

కొత్తవాళ్ళందరూ నాలాగే మొదలుపెడతారు. ఒక్క గడిలో ఏముందో తేల్చాలంటే దానితో సంబంధమున్న గళ్ళు ఇరవై చూడాలి. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, పెట్టెలో మిగిలిన నాలుగు. ఖాళీ గళ్ళు యాభై ఉంటే యాభైసార్లు ఈ తతంగం. పది గళ్ళు చూసేసరికి కళ్ళు లాగుతాయి, ఏదో ఒకటి రాసేద్దామనిపిస్తుంది. ఊళ్ళో ఓబులేసు కనబడకపోతే మనం ఇంటింటి తలుపూ తట్టి లోపల ఎవరెవరున్నారని అడుగుతామా? చేన్లో లేడు, టీ అంగట్లో లేడు, బస్టాండులో లేడు అనుకుంటూ పోతే రచ్చకట్ట ఒకటే మిగులుతుంది. అంకె వెతకడమూ అంతే.

ఉదాహరణకు పై మూడు పెట్టెలు తీసుకోండి. ఎడమ పెట్టెలో 7 మొదటి వరుసలో ఉంది. నడిమి పెట్టెలో 7 మూడో వరుసలో ఉంది. కుడి పెట్టెలో ఇక 7 రెండో వరుసలోనే ఉండాలి, వేరే దారి లేదు. ఆ వరుసలో ఆ పెట్టెకు దక్కేవి మూడు గళ్ళు. నడిమి గడిలో ముందే 4 అచ్చయి ఉంది. కుడి చివరి నిలువు వరుసలో కిందెక్కడో ఒక 7 ఉంది కాబట్టి ఆ చివరి గడీ పోయింది. మిగిలింది ఒక్కటే, 7 రాసేయండి. ఒక్క గడి గురించీ విడిగా ఆలోచించలేదు, ఏడు వెంట కళ్ళు నడిపించాం, అంతే. ఇలా మూడేసి పెట్టెలను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తుడుచుకుంటూ పోతే తేలిక సుడోకులు దాదాపు మొత్తం తెగిపోతాయి. ఏ అంకెతో మొదలుపెట్టాలంటే, ఎక్కువసార్లు అచ్చయి ఉన్నదానితో. అయిదుసార్లు కనబడుతున్న 3 మిగిలిన నాలుగు చోట్లూ తనే చెబుతుంది. ఒక్కసారే కనబడే 9ని పట్టుకుని వేలాడటం దండగ.

ఇది చాలనప్పుడు పెన్సిలు కావాలి. ఈ విషయంలో నాకు కాస్త పిచ్చి ఉంది. ఫోన్లో ఆడే కుర్రాళ్ళు ఒక మీట నొక్కి ప్రతి గడిలోనూ వచ్చే అవకాశమున్న అంకెలన్నీ ఒకేసారి నింపేస్తారు. గడికి అయిదారు చీమతలకాయలు. కనబడాల్సినది ఆ గుంపులో కనబడకుండా పోతుంది. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అమెరికన్ థామస్ స్నైడర్ పద్ధతి నాకు నచ్చుతుంది. ఒక పెట్టెలో ఒక అంకెకు రెండే చోట్లు మిగిలినప్పుడు మాత్రం ఆ రెండు గళ్ళ మూలల్లో చిన్నగా ఆ అంకె రాసుకోవాలి. మూడు చోట్లుంటే రాయకూడదు. గీతలు తక్కువగా ఉంటాయి, ఉన్న ప్రతి గీతకూ అర్థముంటుంది. మన న్యూస్‌ప్రింటుకు కూడా ఇదే మేలు. రెండుసార్లు రబ్బరు రుద్దితే వెనక పేజీ సినిమా వార్త కనబడే కాగితం అది.

ఆ చిన్న గుర్తులు రెండు పనులు చేసి పెడతాయి. ఎడమ వైపు నడిమి పెట్టెలో 2కు రెండే చోట్లున్నాయి, రెండూ అయిదో అడ్డ వరుసలోనే ఉన్నాయి అనుకోండి. ఆ రెంటిలో ఏది నిజమో మనకింకా తెలీదు. తెలియనక్కర్లేదు. ఏదైనా అయిదో వరుసలోని 2 ఆ పెట్టెలోనే ఉంటుంది కదా, వరుసలో మిగతా చోట్ల 2 కొట్టేయొచ్చు. పక్క పెట్టెలో 2, 6 మధ్య తేలక ఊగుతున్న గడి ఇప్పుడు 6 అయిపోతుంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. ఒక విషయం సగమే తెలుసు, ఆ సగంతోనే ఇంకోచోట పూర్తి జవాబు వచ్చేసింది.

రెండోది జంటలు. ఒక నిలువు వరుసలో రెండు గళ్ళకు 3, 8 తప్ప ఇంకేదీ పట్టదు. ఒకదానిలో 3 అయితే రెండోదానిలో 8, లేదా అటుది ఇటు. ఎట్లాగైనా 3, 8 ఆ రెంటికే రాసిపెట్టి ఉన్నాయి. అదే వరుసలో 3, 8, 9 అని మూడు అవకాశాలున్న గడిలో ఇక 9 ఒక్కటే నిలుస్తుంది. ఇదే సూత్రం మూడు గళ్ళకు మూడు అంకెలుగా కూడా పనిచేస్తుంది గానీ, కంటికి దొరకడం కష్టం.

అడ్డం, నిలువు సరే. పెట్టె ఎందుకొచ్చింది? దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే మన పొలాల్లోకే వచ్చి పడ్డాను.

సుడోకును అందరూ జపాను ఆట అంటారు గానీ అచ్చయింది ముందు అమెరికాలో. 1979లో డెల్ వాళ్ళ పజిళ్ళ పత్రికలో 'నంబర్ ప్లేస్' పేరుతో వచ్చింది. కట్టినవాడు ఇండియానాపోలిస్‌లోని రిటైర్డ్ ఆర్కిటెక్టు హోవర్డ్ గార్న్స్ అని చెబుతారు. 1984లో జపానులో మాకి కాజి నడిపిన నికోలి సంస్థ దాన్ని తీసుకుని ఇప్పటి పేరు పెట్టింది. హాంకాంగ్‌లో జడ్జిగా చేసి రిటైరైన వేన్ గౌల్డ్ దీనికి కంప్యూటర్ ప్రోగ్రాం రాసి, 2004 నవంబరులో లండన్ టైమ్స్‌లో వేయించాడు. ఆ తర్వాత అది మన జిల్లా ఎడిషన్ల దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

అయితే గార్న్స్ కంటే చాలా ముందే ఈ గళ్ళు నేల మీద ఉన్నాయి. అయిదు రకాల విత్తనంలో ఏది మెరుగో తేల్చాలనుకోండి. చేను ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. మా చిన్నాయన చేనే చూస్తే, పైన గరుసు, కింద వాలులో మట్టి మందం. ఒక రకం మొత్తం కింద వేసి ఇంకోటి మొత్తం పైన వేస్తే గెలిచింది విత్తనమా, నేలా? అందుకని చేనును అయిదు అడ్డం, అయిదు నిలువు మళ్ళుగా చేసి, ప్రతి రకం ప్రతి అడ్డ వరుసలో ఒకసారి, ప్రతి నిలువు వరుసలో ఒకసారి వచ్చేలా విత్తాలి. వాలు ఎటున్నా అన్ని రకాలకూ మంచి నేల, చెడ్డ నేల సమానంగా దక్కుతాయి. దీన్ని లాటిన్ చదరం అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ దీన్ని గణితంగా పరిశీలిస్తే, 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ చేలల్లోకి దించాడు. వాలు ఒక్కటే అయితే ఇది చాలు. చేను మధ్యలో ఎక్కడో చౌడు మచ్చ, ఇంకోచోట బండ తేలిన దిన్నె ఉంటే? 1956లో బెరెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త అడ్డం, నిలువులతో పాటు చేనును ముక్కలుగా కూడా విడదీసి, ఒక్కో ముక్కలోనూ ప్రతి రకం ఒకసారి రావాలన్నాడు. తొమ్మిది రకాలు, మూడు మూళ్ళ ముక్కలు పెట్టుకుంటే అది అచ్చంగా నింపేసిన సుడోకు. గార్న్స్‌కు ఈ సంగతి తెలుసనడానికి ఆధారమేమీ లేదు. దారులు వేరైనా చేరిన చోటు ఒకటే.

మన రేకులకుంటలోనూ, కదిరిలోనూ పరిశోధనా క్షేత్రాలున్నాయి. కదిరి-6, కదిరి-9 లాంటి శెనక్కాయ రకాలు కదిరి పేరు మీదే జిల్లా అంతా పాకాయి. ఇలాంటి చోట్ల రకాలు ఎక్కువైతే లాటిన్ చదరం కుదరదు. పన్నెండు రకాలకు 144 మళ్ళు కావాలి. అందుకని మామూలుగా ఇంకా సులువైన అమరికలు వాడతారు. ఏ అమరికలోనైనా లోపలి ఉద్దేశం మాత్రం అదృష్టాన్ని లెక్కలోంచి తీసేయడమే.

ఈ లెక్కల్లో ప్రపంచానికి దారి చూపినవాళ్ళలో మనవాడూ ఉన్నాడు. సి.ఆర్. రావు 1920లో పుట్టింది అప్పటి బళ్ళారి జిల్లా హడగలిలో, తెలుగు కుటుంబంలో. 1882లో బళ్ళారి నుంచి విడిపోయే దాకా అనంతపురమూ ఆ జిల్లాలోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా చేరి, తర్వాత కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పరిశోధన చేశాడు. 1940లలో ఆయన ప్రవేశపెట్టిన ఆర్తోగొనల్ అర్రేలు ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షలకు పనికొస్తున్నాయి. పేరు గంభీరంగా ఉంది గానీ నమూనా మీ పేపర్లోనే ఉంది. పూర్తయిన సుడోకులో ప్రతి గడికీ మూడు సంఖ్యలు రాయండి: ఎన్నో అడ్డ వరుస, ఎన్నో నిలువు వరుస, లోపలి అంకె. 81 వరుసల పట్టీ వస్తుంది. అందులో ఏ రెండు నిలువు పట్టీలు తీసుకున్నా ప్రతి జత సరిగ్గా ఒక్కసారే ఉంటుంది. అదే ఆర్తోగొనల్ అర్రే. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో ఆయన కన్నుమూశాడు.

అదృష్టాన్ని తీసేయడానికి పుట్టిన గళ్ళలో అదృష్టం మీద అంకె వేయడం నాకు గిట్టదు. తేలని గడిలో 4 రాసి చూద్దాం, కుదరకపోతే 5 అనేవాళ్ళున్నారు. సరిగ్గా కట్టిన సుడోకుకు జవాబు ఒక్కటే ఉంటుంది, రెండు వస్తే తప్పు కట్టినవాడిది. నింపగల తీర్లు మొత్తం ఆరున్నర కోట్ల కోట్ల కోట్లకు పైనే ఉన్నా, ఒక్కోసారి పదిహేడు అంకెలు ఇస్తేనే ఒక్కదాన్ని పట్టుకోవచ్చు. పదహారు చాలవని 2012లో డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్లతో రుజువు చేసింది. అన్నట్టు, ఇచ్చిన అంకెలు తక్కువైతే కష్టమనేది ఉత్త మాట. పదిహేడుతో సులువుగా తెగేవీ ఉన్నాయి, ముప్పైతో ముప్పుతిప్పలు పెట్టేవీ ఉన్నాయి. ఊహించి వేసిన తప్పు వెంటనే బయటపడదు, అదే దాంతో చిక్కు. ముప్పై గళ్ళు నింపాక ఒక వరుసలో రెండు తొమ్మిదులు కనబడతాయి. అప్పటికి ఏది తేలి రాసిందో, ఏది ఊహించి రాసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మనకు నాలుగైదు గంటల బస్సు దూరంలో, బెంగళూరులో, 2017లో ప్రపంచ సుడోకు పోటీలు జరిగాయి. గడియారంతో పోటీపడేవాళ్ళు ఊహించడాన్ని కూడా ఒక ఎత్తుగా వాడతారని విన్నాను. వాళ్ళ కథ వేరు. టీ అంగట్లో మనల్ని తరిమేవాళ్ళెవరూ లేరు.

ఇంకా పై మెట్లున్నాయి. ఎక్స్-వింగ్ ఒకటి చెప్పి వదిలేస్తాను. రెండు అడ్డ వరుసల్లో 4కు రెండేసి చోట్లే ఉండి, అవి రెండూ అవే రెండు నిలువు వరుసల్లో పడితే, ఆ నిలువు వరుసల్లో మిగతా అన్ని చోట్లా 4 కొట్టేయొచ్చు. రోజువారీ పేపర్లలో దీని అవసరం తక్కువ. అక్కడ ఇరుక్కున్నామంటే ఎక్స్-వింగ్ కోసం వెతికే ముందు ఒకటి నుంచి తొమ్మిది దాకా మళ్ళీ ఒకసారి తుడవండి. ముఖ్యంగా మీరు చివర రాసిన అంకె ఏ పెట్టెలో పడిందో దాని అడ్డం, నిలువు పెట్టెలు చూడండి. చిక్కుముడి అనుకున్నది చాలాసార్లు అక్కడ చూడకుండా వదిలేసిన ఒక్క గడే అయి ఉంటుంది.