దూరదర్శన రామాయణము – ములుగు శ్రోత
1987వ సంవత్సరపు ప్రసారములపై ఒక పరిశీలనము

కావ్యవిమర్శకు గ్రంథము ఆధారము. తాళపత్రమో ముద్రితప్రతియో యెదుట నుండును. సందేహము కలిగినచోట పుట త్రిప్పి చూచుకొనవచ్చును. ఒక ఉదయమున తెరపై కదలి మాయమైన దృశ్యమునకు ఆ సౌకర్యము లేదు. అందుచేతనే కాబోలు, రంగనాథ భాస్కర మొల్ల రామాయణములను పదే పదే తూచి చూచిన మనము, ఇంటింట జనులు ఒకే గడియలో కూర్చుండి చూచిన రామాయణమును అంతగా పట్టించుకొనలేదు. ఆ లోపమును కొంతయైన తీర్చవలెనని యీ వ్యాసమును తలపెట్టితిమి.

రామానంద సాగరు నిర్మించిన హిందీ ధారావాహిక ‘రామాయణ్’ 1987 జనవరి 25వ తేదీ ఆదివారమున దూరదర్శనమున ఆరంభమై, 78 భాగములుగ సాగి, 1988 జూలై 31న ముగిసెను. అరుణ్ గోవిల్ రాముడు, దీపిక సీత, దారాసింగ్ హనుమంతుడు, అరవింద త్రివేది రావణుడు. ఆ యేటి తక్కిన విశేషములు లేకపోలేదు. అక్టోబరు, నవంబరు నెలలలో ప్రపంచకప్పు క్రికెట్టు పోటీలు జరిగెను; హైదరాబాదు లాల్ బహదూర్ క్రీడారంగమున జింబాబ్వే ఆటగాడు హౌటన్ 142 పరుగులు చేసియు, తన జట్టును మూడు పరుగుల దూరమున ఓటమినుండి తప్పింపలేకపోయెను. దేశవిభజన గాథయైన ‘బునియాద్’, శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ ఆ కాలమువే. కళాదృష్టితో చూచినచో ఈ రెండును సాగరు కృతికంటె మిన్న యని మా తీర్పు. కాని జనహృదయమున నాటుకొన్నది వేఱొకటి. విమర్శకుడు తన రుచిని పక్కనబెట్టి దానినే విచారింపవలసి యున్నది.

ఆ యేడు మేము ములుగులో నుంటిమి. అప్పటి కది వరంగల్లు జిల్లాలోని మండలకేంద్రము; ప్రత్యేక జిల్లాయైనది 2019లో. మా వీథిలో టెలివిజను పెట్టె యున్న యిల్లు ఒక్కటియే. పెంకుటింటి కొప్పుమీద పొడవైన వెదురు గడకు ఆంటెనా కట్టబడి యుండెను. బొమ్మ చెదరినపుడు ఒక పిల్లవాడు పైకెక్కి గడను త్రిప్పును. క్రిందివారు “చాలు, చాలు, గట్లనే ఉంచు” అని కేకలు వేయుదురు. ఆదివారము ఉదయమున ఆ యింటి నడవ నిండి, అరుగు నిండి, కిటికీకి అవతల వీథిలో గూడ జనులు నిలిచెడివారు. గడపలో చెప్పులు గుట్టపడియుండెను. దేశమున పలుచోట్ల పెట్టెకు పూలదండ వేసి అగరువత్తులు వెలిగించిరను సంగతి ప్రసిద్ధమే. మా వీథిలో అంతవఱకు పోలేదు గాని, చెప్పులు వేసికొని లోపలికి వచ్చినవానిని మేము చూడలేదు.

ఆ సభలో ఒక వృద్ధురాలుండెను. అక్షరము ముక్క రాదు, హిందీ అసలే రాదు. కాని తెరమీద కథ నడచుటకు ముందే ఆమె నోట కథ నడచెడిది. బంగారులేడి కనబడగనే “ఇగ సూడుండ్రి, గది లేడి గాదు, రాక్షసుడు. సీతమ్మ ఇనది” అనెను. ఎవరో “అవ్వా, జర ఊకో, ఇననియ్యి” అని కసరగా, “నీకు సమజైతాందా బిడ్డా, గా మాట?” అని యడిగెను. కసరినవానికి జవాబు లేకపోయెను.

ఈ చిన్న సంఘటనలోనే మా ప్రశ్న యంతయు నిమిడియున్నది. తెలియని భాషలో జరిగిన ప్రసారము తెలుగు పల్లెకు ఎట్లు అర్థమయ్యెను? కథ తెలియుటచే భాష అక్కఱలేకపోయె ననుట సగము సమాధానము మాత్రమే. మా పరిశీలనలో తోచిన విశేష మొకటి కలదు. నిజాము కాలమున ఉర్దూమాధ్యమమున చదివిన పెద్దలు మా ఊర కొందఱుండిరి. వారికి ఆ సంభాషణలలోని క్రియాపదములు, విభక్తులు సులభముగ పట్టుపడెను. సంస్కృతభూయిష్ఠములైన నామపదములకడ వారు ఆగిపోయిరి. పురాణకాలక్షేపము వినిన వారికి వచనము, ఆజ్ఞ, మర్యాద, ప్రతిజ్ఞ మున్నగు తత్సమములు వెంటనే తెలిసెను. మధ్యనున్న క్రియలు తెలియలేదు. ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుండినగాని వాక్యము పూర్తికాదు. ఆ సంభాషణలు వ్రాసిన సాగరు దేశవిభజనపై ఉర్దూలో నవల వ్రాసిన రచయిత యను విషయము ఇట జ్ఞాపకము చేసికొనదగినది. ఆయన కలమున రెండు ధారలు నుండెను. ములుగు నడవలో ఆ రెండు ధారలకు ఇద్దఱు శ్రోతలు దొరకిరి.

ఇక కృతివిచారము. ధారావాహిక ఆరంభమున ఆకరగ్రంథముల పట్టికలో వాల్మీకము, తులసీదాసు మానసము, కంబ రామాయణము మొదలగువానితో పాటు మన రంగనాథ రామాయణమును పేర్కొనిరి. ఈ పేరు చూచి సంతసించిన తెలుగువారు పెక్కుమంది. మేమును సంతసించితిమి. కాని పేర్కొనుట వేఱు, వాడుకొనుట వేఱు. వాల్మీకమున లేని లక్ష్మణరేఖ, సులోచన వృత్తాంతము రంగనాథమున కలవు, ధారావాహికలోను కలవు. అట్లని అవి యిటనుండియే పోయినవని చెప్ప వీలులేదు. అవి ఉత్తరదేశపు జనశ్రుతిలోను ఉన్నవే. కథాంశములను లెక్కించి ఋణమును నిర్ణయించు పద్ధతి మన పరిశోధనలలో అలవాటైనది గాని, దానివలన ఫలము కొంచెము. చూడవలసినది నడక.

గోన బుద్ధారెడ్డి ద్విపద నడక వడిగలది, పాడుటకు పనికివచ్చునది. తోలుబొమ్మలాటవారు దానిని తమ ఆటకు గైకొనుట అందుచేతనే. సాగరు నడక దీనికి పూర్తిగా విరుద్ధము. ఒక మాట వెలువడును. వెంటనే కెమెరా సభలోని ముఖములన్నింటిపై ఒక్కొక్కదానిపై నిలుచును. కైకేయి వరములడిగిన ఘట్టమున ఈ జాగు చదువరులకు విసుగు పుట్టించినది. మాకును మొదట అట్లే తోచెను. కాని హరిదాసు ఒక్క పద్యమును పట్టుకొని అరగడియ సాగదీయునపుడు మనము విసుగుకొనుచున్నామా? తెలిసిన కథలో తరువాత నేమగునను ఉత్కంఠ యుండదు. అనుభవించుటకు వ్యవధి కావలెను. ఆ వ్యవధిని ముఖములచే నింపుట సాగరు ఉపాయము. అది కరుణరసమున ఫలించెను. యుద్ధమున ఫలింపలేదు, ఒక బాణము మఱియొక బాణమును ఆకాశమున ఢీకొనుట పదిమార్లు చూచినవెనుక వీరము వినోదమైపోవును.

మా ప్రధానాక్షేపము వేఱొకటి. ఆ రామాయణమున నవ్వు లేదు. కేవటుని ఘట్టమున ఒక చిఱునవ్వు మెఱయును గాని అంతటితో సరి. తోలుబొమ్మల తెరపై రావణుని వెంటనే కేతిగాడు, బంగారక్క దిగి, రాజులను వెక్కిరించి పోవుదురు. తెలంగాణమున చిందు భాగోతమందును హాస్యగాడు లేక ఆట రక్తికట్టదు. దేవుని కథ మధ్య నవ్వుకొనుట మన జనులకు అపచారము కాదు. అది ఆ కథ తమదని చెప్పుకొను విధము. తెల్లని గుడ్డపై నీడలాడిన తెర పోయి గాజుతెర వచ్చినపుడు మొదట వెలివడినవాడు కేతిగాడే. ఆ స్థానమును మా వీథిలో కొంతవఱకు ఆ అవ్వ నింపెనని యిప్పుడు తోచుచున్నది.

రూపమును గూర్చి మఱియొక మాట. తెలుగువారికి రాముని ముఖము 1963లో వచ్చిన ‘లవకుశ’నుండియు నందమూరి రామారావుగారిది; ఆయనయే 1961లో ‘సీతారామకల్యాణము’న రావణుడు కూడ. 1987లో ఆయన ముఖ్యమంత్రి. ఇట్టి ప్రేక్షకులకు అరుణ్ గోవిల్ ముఖము సులభముగ రుచింపదని మేము తలచితిమి. మా యంచనా తప్పెను. కొన్ని వారములలోనే పిల్లలు కొత్త రాముని అంగీకరించిరి. పెద్దలు మాత్రము ఇద్దఱు రాములను పోల్చి వాదులాడుకొనిరి. వారము వారము ఇంటిలోనికి వచ్చు ముఖమునకు, ఏడాదికొకమాఱు టాకీసులో కనబడు ముఖమునకు గల తారతమ్యమిది.

ఈ రూపవాదమును మేడారమునకు దాపుననున్న ఊరిలో వినుట చిత్రముగ నుండెను. రెండేండ్ల కొకమాఱు మాఘపూర్ణిమకు అడవిలో లక్షలాది జనులు మ్రొక్కు సమ్మక్క సారలమ్మలకు విగ్రహము లేదు. కుంకుమ భరిణెయు, వెదురును గద్దెపైకి వచ్చును, అంతియే. కోయ పూజారుల నోటను, పాటను నిలిచిన ఆ వీరగాథకు ముఖము లేకపోవుట కొఱత యని ఎవరును అనలేదు. మా అవ్వకు సీత ముఖము ముఖ్యము కాకపోవుటకు ఇది యొక హేతువేమో యని శంకింతుము. ఆమె తెరవంక చూచుటకంటె నడవలోని జనులవంక చూచుటయే హెచ్చు.

ఆనాటి మన ప్రసారకేంద్రము చేయగలిగినదేమి యని యడుగవచ్చును. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసెను. సాయంకాలమున తెలుగు కార్యక్రమములు, శాంతిస్వరూపుగారి వార్తలు, శుక్రవారపు చిత్రలహరి – ఇవి మన పాలు. ఆదివారము ఉదయము ఢిల్లీది. బుద్ధారెడ్డిని పేర్కొనిన ధారావాహికను బుద్ధారెడ్డి భాషలో వినిపించు ప్రయత్నమైన నాడు జరిగియుండినచో, ములుగు నడవలో ఇరువురు కలిసి ఒక వాక్యమును కూర్చుకొనవలసిన పని యుండెడిది కాదు. ఆ కూర్పులోని సుఖముగూడ నుండెడిది కాదు.

2020 మార్చి 28నుండి, ఇండ్లలో జనులు బందీలైన దినములలో, ఈ ధారావాహికనే మరల ప్రసారము చేసిరి. ఏప్రిల్ 16న దీనిని 7.7 కోట్లమంది చూచిరని దూరదర్శను ప్రకటించెను. మేమును చూచితిమి, ఈమాఱు ఒంటరిగా, ప్రక్కన చెప్పువారు లేక. జాగు మునుపటికంటె హెచ్చుగ తోచెను.

1988 జూలైలో పట్టాభిషేకముతో కథ ముగిసినపుడు ఉత్తరకాండ లేదని పంజాబున వాల్మీకి కులపు పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసిరి. పిమ్మట ఉత్తరభాగము వేఱుగ వెలువడెను. ఆ సమ్మెవార్త ములుగు చేరకముందే, ముగింపునాడు నడవలోనుండి లేచుచు అవ్వ అడిగినది: “పట్టం గట్టిండ్రు, మంచిదే. మరి లవకుశులేరి?”