చెరువు నిండే లెక్క

కంభం చెరువును వెబ్ పేజీలో గీస్తున్నాను. నల్లమల కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా ఆ కట్ట వేయించింది విజయనగర రాకుమారి వరదరాజమ్మ అని మన వైపు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది.

బొమ్మను కదిలించడం పెద్ద పనేమీ కాదు. అలలు ఊగుతాయి, కొంగ ఎగురుతుంది, దేని యానిమేషన్ దానిదే. అంతా చూశాక కూడా చెరువులో ఈ ఏడు నీళ్లున్నాయో లేవో తెలియదు. గిద్దలూరు దారిలో ఏ రైతును కదిపినా ముందు అడిగేది అదే కదా!

అందుకే కదలికలన్నిటినీ సీఎస్ఎస్‌లోని ఒకే కస్టమ్ ప్రాపర్టీకి కట్టేశాను. రెండు అడ్డగీతలు, వాటి పక్కన ‘నీటిమట్టం’. పేరు తెలుగులో ఉన్నా బ్రౌజర్‌కు అభ్యంతరం లేదు. సున్నా అంటే ఎండిన చెరువు, ఒకటి అంటే అలుగు పారే చెరువు. నీళ్లు ఎంతవరకు లేవాలో ఆ అంకె చెబుతుంది. అల ఎత్తును కూడా దానితోనే గుణించాను. ఎండాకాలంలో విలువ సున్నాకు చేరితే అలలు వాటంతటవే ఆగిపోతాయి. నీళ్లు లేని చెరువులో అలలు ఊగించడం ఎంత అందంగా ఉన్నా అబద్ధమే.

ఇక్కడో మెలిక ఉంది. ఆ ప్రాపర్టీ విలువనే కీఫ్రేములతో నెమ్మదిగా పెంచుదామంటే మామూలుగా కుదరదు. అది అంకె అని బ్రౌజర్‌కు తెలియదు. సగం సమయం దాకా పాత విలువనే ఉంచి, ఒక్క గంతులో కొత్తదానికి దూకుతుంది. ‘యాట్ ప్రాపర్టీ’ నియమంతో అది అంకె అని ముందే నమోదు చేయాలి. 2024లో ఫైర్‌ఫాక్స్ 128 వచ్చాక ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ఆ సదుపాయం ఉంది. అయినా నేను దాని జోలికి పోలేదు. అలా చేస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేముకూ స్టైల్ లెక్కలు మళ్లీ వేసుకోవాలి. చవక ఫోన్లు తడబడతాయి. విలువను కదపకుండా, పొరను జరిపే ట్రాన్స్‌ఫార్మ్‌కు గమ్యంగా ఇచ్చి, ఆ ట్రాన్స్‌ఫార్మ్‌నే కదిలిస్తే చాలు.

కీఫ్రేముల్లో ‘ఎక్కడి నుంచి’ అన్నది మాత్రమే రాశాను. చేరాల్సిన మట్టం నీళ్ల పొర సొంత స్టైల్‌లోనే ఉంది. కళ్లు తిరుగుతాయని ఫోన్‌లో కదలికలు తగ్గించుకున్నవాళ్లకు యానిమేషన్ తీసేస్తాను. అప్పుడు కూడా నీళ్లు ఉండాల్సిన ఎత్తులోనే ఉంటాయి, ఊగవంతే.