చెంచు విల్లు, వేలాడే గోనెసంచి

కనుమ నాడు దిగువ అహోబిలంలో పారువేట మొదలవుతుంది. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకీలో బయల్దేరే వేళకు నల్లమల చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకీ వైపు బాణాలు వేస్తారు. తమ ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్నవాడికి పుట్టింటివాళ్లు చేసే మర్యాద అది. ఆ తర్వాత పల్లకీ ఆళ్లగడ్డ చుట్టుపక్కల 30కి పైగా ఊళ్లు తిరుగుతుంది. తన పెళ్లికి తానే ఊరూరా పిలిచి వచ్చే దేవుడు ఓబులేసుడని ఇక్కడి మాట. ఈ తిరుగుడు 40 రోజులకు పైనే సాగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల నాటికి స్వామి మళ్లీ అహోబిలం చేరతాడు.

పల్లకీ మీద వేసే బాణాలను అందరూ ఫోన్లలో తీసుకుంటారు. ఆ విల్లు ఎలా తయారవుతుందో, ఆ చేతికి గురి ఎలా అబ్బిందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అహోబిలంలోని నవ నరసింహుల్లో కారంజ నరసింహుడు కానుగ చెట్టు కింద చేత విల్లు పట్టుకునే కూర్చున్నాడు. విల్లుకు ఇంత పెద్దపీట వేసిన చోట దాని పనితనం గురించి మనం ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధగానే ఉంటుంది.

విల్లుకు మూలం వెదురు. లేత బొంగు పనికిరాదు. మూడేళ్లు దాటి ముదిరినదాన్ని వానలు వెనకబట్టాక నరికి, నీడన ఆరబెట్టాలి. పచ్చిది వంచితే వంగినట్టే ఉండిపోతుంది, తిరిగి లేవదు. చీల్చిన బద్దను చేతిలోకి తీసుకుంటే దాని గుట్టు తెలుస్తుంది: పై తోలు వైపు పీచు దట్టంగా, లోపలి వైపు పలచగా ఉంటుంది. విల్లు ఎక్కుపెట్టినప్పుడు సాగేది బయటి వైపు కాబట్టి గట్టి పీచంతా అక్కడే ఉండాలి. అందుకని పై తోలును కత్తితో ముట్టుకోకుండా, చెక్కడమంతా లోపలి వైపు నుంచే చేయాలి. ఒక్కచోట తోలు తెగినా పీచు అక్కడినుంచే లేచి విల్లు చిట్లుతుంది.

చెక్కేటప్పుడు తొందర పనికిరాదు. బద్ద మందం సగానికి తగ్గితే దాని బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే గోరంత ఎక్కువ గీకినా తేడా పెద్దగా వస్తుంది. నాలుగు గీతలు గీకి, అల్లెతాడు కట్టి, కొంచెం లాగి చూడాలి. రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయా, ఎక్కడైనా మొండిగా నిలబడిందా అని కంటితో కొలిచి, మొండిగా ఉన్నచోట మాత్రమే మళ్లీ గీకాలి. మధ్యలో పట్టు మందంగా, కొసలకు పోను పోను సన్నగా ఉంటేనే రెక్క తేలికగా విదిలించుకుని బాణాన్ని వేగంగా వదులుతుంది.

బాణం కర్రది మరో లెక్క. సెగ మీద కాచి వంకర తీస్తారు. ముందు కమ్మరి చేసిన ములికి, వెనక ఈకలు. బరువు ముందుకూ గాలిపట్టు వెనక్కూ ఉండబట్టే బాణం తలకిందులు కాకుండా పోతుంది. వదిలిన క్షణంలో అది తిన్నగా పోదు. విల్లు కర్రను చుట్టుకుని చేపలా మెలికలు తిరుగుతూ పోయి, కొంత దూరాన సర్దుకుంటుంది. కర్ర మరీ మెత్తనిదైనా మరీ బిరుసుదైనా ఆ మెలిక తప్పి గురి పక్కకు పోతుంది. అందుకే ఒకరి బాణాలు ఇంకొకరి విల్లుకు కుదరవు.

ఇదంతా వేట కోసం పుట్టిన విద్య. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. నల్లమల అడవి పులుల అభయారణ్యమైంది. అడవి బతకడానికి ఆ చట్టం అవసరమే, అందులో నాకు రెండో మాట లేదు. ఇవాళ పులుల జాడలు చూసి చెప్పే అటవీ కాపలా పనిలోనూ చెంచులే ఉన్నారు. కానీ చట్టం వేటను ఆపినప్పుడు గురికి వేరే చోటు ఎవరూ చూపలేదు. రోజూ సాధన లేని చేతికి పండగ నాటి విల్లు అలంకారంగానే మిగులుతుంది. చెంచు గూడేల్లో పిల్లలకు గురి చూసుకునే చోటు ఏర్పాటు చేయడమే ఇప్పుడు జరగాల్సిన పని. దానికి లక్షలు అక్కర్లేదు.

కావలసినవి అయిదు బొంగులు, కాస్త తాడు, బియ్యం మిల్లు నుంచి తెచ్చిన గోనెసంచి, ఇంట్లో పడున్న పాత గుడ్డలు. రెండేసి బొంగుల కొసలు కలిపి తాడు చుట్టి, కాళ్లు ఎడంగా చాపి, జానెడు లోతున పాతాలి. అలాంటి జతలు రెండు నిలబెట్టి పైన అయిదో బొంగు అడ్డంగా కడితే చట్రం సిద్ధం. సంచిలో వరిగడ్డి ఒక్కటే కూరితే బాణం దూసుకుపోతుంది. చీరలూ లుంగీలూ చొక్కాలూ పొరలు పొరలుగా వేసి కాలితో తొక్కుతూ నింపాలి. ఆ గుడ్డల ఒరిపిడే బాణాన్ని ఆపుతుంది. గుండీలూ జిప్పులూ ముందే తీసేయాలి, లేకపోతే ములికి వాటికి తగిలి పక్కకు జారుతుంది.

సంచిని రెండు మూలల నుంచి రెండు తాళ్లతో వేలాడదీయాలి. ఒక్క తాడైతే గిర్రున తిరుగుతుంది. కింది మూలలను వదులుగా కట్టాలి, బిగించకూడదు. బాణం తగిలినప్పుడు సంచి వెనక్కు ఊగితే దెబ్బలో కొంత ఆ ఊపులోనే పోతుంది, బాణం అంత లోతుకు దిగదు, సంచీ ఎక్కువకాలం మన్నుతుంది.   సంచికి బదులు ఉక్కు, చెక్క పనికిరావు, బాణం ఎగిరి వెనక్కు వస్తుంది.

వెనక మనిషి ఎత్తుకు మించిన మట్టిదిబ్బ ఉండాలి. అందరూ బాణాలు వేయడం ఆపాకే ముందుకు నడవాలి. తీసేటప్పుడు ఒక చెయ్యి సంచికి ఆనించి, రెండో చేత్తో బాణాన్ని సంచి దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగాలి. లాగేవాడి వెనక ఎవరూ నిలబడకూడదు. బాణం ఒక్కసారి ఊడివచ్చి దాని వెనక కొస కంట్లో గుచ్చుకోవచ్చు.

సంచి మీద సున్నంతో గుండ్రం గీసి, మొదట అయిదారు అడుగుల దూరం నుంచి వేయించాలి. అంత దగ్గర నుంచి చూడాల్సింది గురిని కాదు, చేతి తీరును. ఆ తర్వాత దూరం మెల్లగా పెంచుకోవచ్చు. ఒలింపిక్ పోటీలో 122 సెంటీమీటర్ల గుండ్రాన్ని 70 మీటర్ల నుంచి కొడతారు. దాని నడిమి పసుపు చుక్క నేలకు 130 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సంచి నడుమను ఆ ఎత్తుకే కడితే పిల్లవాడి కన్ను మొదటి నుంచీ ఆ కొలతకు అలవాటు పడుతుంది.

రాజస్థాన్ అడవుల్లో వెదురు విల్లుతో పెరిగిన లింబారామ్‌ను 1987లో ప్రతిభాన్వేషణలో ఎంపిక చేశారు. ఆ మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో ఆయన భారత్ తరఫున బాణం వేశాడు. మన రాష్ట్రంలో విజయవాడ అకాడమీలు విలువిద్యను ఎంత ఎత్తుకు చేర్చాయో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ చూపించింది. విల్లు పుట్టుకతోనే తెలిసిన నల్లమల నుంచి ఆ స్థాయికి దారి ఇంకా పడలేదు. శ్రీశైలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రతి గూడెంలోనూ ఇలాంటి చట్రం ఒకటి నిలబెట్టి, విల్లు చెక్కడం తెలిసిన పెద్దమనిషికి నెలకింత గౌరవవేతనం ఇచ్చి, సాయంత్రాలు పిల్లలను ఆయన దగ్గర కూర్చోబెడితే చాలు. కార్బన్ విల్లూ, శిక్షకుడూ, జిల్లా పోటీలూ తర్వాత వస్తాయి. సాధనకు చోటుకూ కొరత లేదు, కోతలయ్యాక కేసీ కెనాల్ ఆయకట్టులో పొలాలు ఖాళీగా ఉంటాయి. మిల్లుల్లో పాత సంచులు కారుచౌకగా దొరుకుతాయి. మొదటి చట్రం ఈ సంక్రాంతి సెలవుల్లోనే కట్టుకోవచ్చు.