పాత తెల్ల యూనిఫాంలను ఉతికే తీరు

సైనికుల పాత తెల్ల యూనిఫాంలు చాలావరకు డ్రిల్ అనే దళసరి నూలుగుడ్డతో కుట్టినవి. భారతదేశంలో బ్రిటిష్ పటాలాలు వేసవిలో ఈ గుడ్డనే తొడిగేవి. 1857 తిరుగుబాటు కాలంలో తెల్లబట్టలు దూరం నుంచే కంటపడుతున్నాయని చాలా పటాలాలు వాటికి మట్టిరంగు వేసుకున్నాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి ఇక్కడి సైన్యం ఖాకీకి మారిపోయింది. నౌకాదళాలు మాత్రం తెలుపును వదల్లేదు. అందుకే నేడు ట్రంకుపెట్టెల్లోంచి బయటపడే తెల్ల జతల్లో నౌకాదళానివే ఎక్కువ. విశాఖపట్నంలాంటి సముద్రతీర నగరంలో గాలిలోని తేమ వల్ల అవి ఇంకా త్వరగా పసుపెక్కుతాయి, బూజు పడతాయి.

ఆ పసుపు ఒట్టి మురికి కాదు. నూలుపోగు సెల్యులోజ్‌తో తయారైనది. గాలి, వెలుతురు తగులుతూ ఏళ్లు గడిచేకొద్దీ సెల్యులోజ్ విరిగి, పసుపురంగు పదార్థాలూ ఆమ్లాలూ పుడతాయి. చెమటలోని ఉప్పు, సరిగా జాడించని సబ్బు, పాత గంజి, చెక్కపెట్టె వదిలే ఆమ్లపు ఆవిరి వీటికి తోడవుతాయి. ఇలా పుట్టిన ఆమ్లం పోగును మరింత పెళుసు చేస్తుంది. ఈ పదార్థాల్లో చాలా భాగం నీటిలో కరుగుతుంది. పాత బట్టను తడపడానికి అసలు కారణం అదే. కొత్త గుడ్డలా మెరిపించడం లక్ష్యమైతే పోగు దెబ్బతింటుంది. తినేసే పదార్థాలను బయటికి పంపడం లక్ష్యమైతే బట్ట నిలుస్తుంది, తెలుపు కూడా కొంతవరకు తనంతట తానే తిరిగి వస్తుంది.

నీళ్లు ముట్టుకునే ముందు పరీక్ష అవసరం. కుట్టు లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాలిస్తే, నూలైతే కాగితం కాలిన వాసన, ఉన్ని లేదా పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. నూలు తడిస్తే బలం పుంజుకుంటుంది, రేయాన్ తడిస్తే బలహీనమవుతుంది. పట్టు, ఉన్ని క్షారానికి తట్టుకోలేవు. వేలితో మెల్లగా నొక్కితేనే పోగులు పొడిపొడిగా రాలే బట్టను ఇంట్లో తడపకూడదు. యుద్ధంలో పడ్డ రక్తపు మరకలాంటివి చరిత్రకు సాక్ష్యాలు కాబట్టి అలాంటి జతను మ్యూజియం నిపుణులకు చూపించాలి.

తర్వాత విడదీయగలిగినవన్నీ విడదీయాలి. అధికారుల తెల్లకోటుకు ముందువైపు ఇత్తడి గుండీలు తరచు కుట్టి ఉండవు. గుండీ వెనకనున్న కొక్కీ చిన్న కాజాలోంచి లోపలికి వస్తుంది, అక్కడ ఓ తీగ రింగు దాన్ని పట్టి ఉంచుతుంది. ప్రతి ఉతుకుకూ గుండీలు తీసేయడానికే ఈ ఏర్పాటు. ఆ రింగు ఇనుపదైతే తుప్పుపట్టి కాజా చుట్టూ గోధుమరంగు వలయం వేస్తుంది. భుజాల మీది హోదా పట్టీలు, పతకాల రిబ్బన్లు, జరీపనిచేసిన బ్యాడ్జీలు కూడా తీసి పక్కన పెట్టాలి. రిబ్బన్ల పట్టురంగు కారితే తెల్లగుడ్డ మీంచి పోగొట్టడం కష్టం. తీసేముందు ఏది ఎక్కడుందో ఫొటో తీసుకుంటే మళ్లీ పెట్టేటప్పుడు తడబాటు ఉండదు.

కాలర్ లోపల, నడుంపట్టీ వెనక ఉండే గుర్తులను జాగ్రత్తగా చూడాలి. నావికుడి పేరు, నంబరు సిరాతో వేసి ఉండవచ్చు. మన దేశంలో ఉతికిన బట్ట మీద నల్లజీడి రసంతో వేసిన చాకలి గుర్తు కనిపించవచ్చు. సున్నంతో కలిసి నల్లబడే ఆ రసం ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదు. బట్ట ఎవరిదో, ఎక్కడ తిరిగిందో చెప్పే ఆధారాలివి. వీటిని మరకలనుకొని రుద్దకూడదు. సిరా కారుతుందేమో తెలుసుకోవడానికి తడిపిన దూదిని దాని మీద కాసేపు అద్ది చూస్తే చాలు.

ఉతుకు పొడిగానే మొదలవుతుంది. బట్ట మీద సన్నని వల పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో పెట్టి దుమ్ము లాగాలి. ఈ పని చేయకుండా తడిపితే దుమ్ము బురదై పోగుల్లోకి దిగుతుంది. ఆపై బట్టను మడత లేకుండా పరవగలిగేంత వెడల్పు తొట్టిలో, అడుగున నైలాన్ వల వేసి, చల్లని లేదా గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. మొదటి నీళ్లు టీ డికాక్షన్ రంగులోకి దిగితే పారబోసి మళ్లీ పోయాలి. రంగు దిగడం తగ్గేదాకా ఇలా మారుస్తూ ఉంటే సగం పని సబ్బు లేకుండానే అయిపోతుంది. తర్వాత రంగు, సువాసన, ఎంజైములు, మెరుపు రసాయనాలు లేని మృదువైన డిటర్జెంటును కొద్దిగా కలిపి, స్పాంజితో పైనుంచి నొక్కుతూ వదలాలి. రుద్దడం, పిండడం కూడదు. తడిసిన డ్రిల్ గుడ్డ బాగా బరువెక్కుతుంది. భుజాలు పట్టి పైకెత్తితే ఆ బరువుకు కుట్లు తెగుతాయి. వలతో పాటే ఎత్తాలి. నురుగు జాడ లేకుండా పోయేదాకా జాడించాలి. బోరునీటిలో సున్నం, ఇనుము ఉంటే మళ్లీ పసుపు పడుతుంది కాబట్టి చివరి జాడింపుకు డిస్టిల్డ్ వాటర్ లేదా ఆర్‌వో నీళ్లు మేలు.

మెరుపు రసాయనాల విషయంలో ఓ చిక్కు ఉంది. ఇవి అతినీలలోహిత కాంతిని పీల్చుకొని నీలికాంతిగా వదులుతాయి. 1940ల నుంచి సబ్బుపొడుల్లోకి వచ్చాయి. అంతకు ముందు నేసిన గుడ్డ యూవీ దీపం కింద అలా మెరవదు. పాత యూనిఫాం అసలుదో నకలో తేల్చడానికి సేకర్తలు ఈ పరీక్ష చేస్తారు. అసలు బట్టనే నేటి సబ్బుపొడితో ఒక్కసారి ఉతికినా ఆ ఆధారం చెరిగిపోతుంది.

మన చాకిరేవుల పద్ధతి ఇలాంటి బట్టకు కొంత పనికొస్తుంది, కొంత పనికిరాదు. చౌడునీటిలో తడిపి ఉబ్బకు వేసి, బండకేసి బాది ఉతకడం గట్టి కొత్త గుడ్డకు సరిపోయిన విద్య. చౌడులోని క్షారం జిడ్డును సబ్బులా మారుస్తుంది, ఆవిరి దాన్ని వదులుస్తుంది. పెళుసెక్కిన పోగుకు ఆ దెబ్బ ప్రాణాంతకం. గంజి బట్టకు నిలకడ ఇస్తుంది గాని, దాచే బట్టలో బొద్దింకలకూ బూజుకూ మేత అవుతుంది, మడతల దగ్గర పోగును విరుస్తుంది. నీలిమందు పసుపును తీయదు, కప్పిపుచ్చుతుంది. ప్రష్యన్ బ్లూ కలిసిన నీలి అయితే మిగిలిపోయిన సబ్బు క్షారంతో విడిపోయి తుప్పుమచ్చలు వేస్తుంది. ఎండ సంగతి వేరు. తడిబట్టను పచ్చికమీద ఆరేసి తెలుపు చేయడం చాలా దేశాల్లో ఉంది. డచ్ నగరం హార్లెం 17వ శతాబ్దంలో ఈ పనికే పేరుపొందింది. తడి, వెలుతురు కలిసి రంగు పదార్థాలను విరగ్గొడతాయి. సంరక్షణ నిపుణులు నేటికీ బట్టను నీటిలో ముంచి ఉంచి, యూవీ కిరణాలను వడగట్టి, వెలుతురు సోకనిస్తారు. పొడిబట్టను ఎండలో వదిలేస్తే మాత్రం పోగు చితికిపోతుంది.

బ్లీచింగ్ ద్రావణం, అంటే సోడియం హైపోక్లోరైట్, దరిచేరకూడదు. అది పసుపుతో పాటు సెల్యులోజ్‌నూ తింటుంది, తుప్పుమచ్చను మరింత ముదురు చేస్తుంది. తప్పనిసరైతే సోడియం పెర్‌కార్బొనేట్‌ను పలచగా, నూలుకు మాత్రమే వాడవచ్చు. అది నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతుంది. అయితే ఇనుము తగిలిన చోట ఆ చర్య ఉధృతమై బట్టకు చిల్లి పడుతుంది. అందుకే కాజా చుట్టూ తుప్పు ఉన్న కోటుకు ముందు పలచని సిట్రిక్ ఆమ్లంతో ఆ వలయాన్ని తగ్గించి, బాగా జాడించి, ఆ తర్వాతే పెరాక్సైడ్ గురించి ఆలోచించాలి.

ఆరబెట్టడం నీడలో, తెల్లటి తువ్వాళ్ల మీద పరిచి, ముడతలను చేత్తో సవరిస్తూ చేయాలి. ఇస్త్రీ పెట్టకపోవడమే మంచిది. మిగిలిన కొద్దిపాటి మురికి వేడికి మాడి శాశ్వతమవుతుంది. ఇత్తడి గుండీలను బట్ట మీదే తోమితే పాలిష్ గుడ్డలోకి దిగి మచ్చ పడుతుంది. సైనికులు దీనికి గుండీ వెనక దూరే చీలికరేకు వాడేవారు. విడిగా తీసినవైతే ఆ బెడదే ఉండదు.

పూర్తిగా ఆరిన యూనిఫాంను ఆమ్లరహిత కాగితం లేదా ఉతికి గంజి పోగొట్టిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మడతల్లో అదే కాగితం ఉండలు పెట్టి, పెట్టెలో పరవాలి. ప్లాస్టిక్ సంచి తేమను బంధిస్తుంది, తీగ హ్యాంగరు భుజాలను సాగదీస్తుంది. గాలిలో తేమ 50 శాతం దరిదాపుల్లో ఉంటే బూజు పట్టదు. ఏడాదికోసారి తీసి చూసి, మడతలు మార్చాలి. ఏ తేదీన ఏం చేశారో, ఏ డిటర్జెంటు వాడారో, ఏ గుండీ ఎక్కడిదో రాసిన చీటీని ఫొటోలతో పాటు పెట్టెలో ఉంచితే తర్వాతి తరంవారు ఆ వివరాలు చూసుకొనే మళ్లీ ఉతుకుతారు.