అట్టడబ్బ చదువు

శివరాత్రి జాతరకు ముందు వేములవాడలో గుడి చుట్టూ దుకాణాలకు సరుకు దిగుతుంది. గాజులు, బొమ్మలు, అగరుబత్తులు, అన్నీ అట్టడబ్బల్లోనే వస్తాయి. ఒకదాని మీద ఒకటి కప్పుదాకా పేరుస్తారు. నా కన్ను మాత్రం అడుగు డబ్బ మీద ఉంటుంది. కొన్ని నిటారుగా నిలుస్తాయి. కొన్ని పొట్ట ఉబ్బి, నాలుగు రోజులు తిరక్కముందే పక్కకు ఒరుగుతాయి. పైకి రెండూ అదే గోధుమరంగు అట్ట.

ఈ పిచ్చి నాకు అంటించింది మా వాడకట్టు పిలగాడు. ఇంటర్ తప్పి, జీడిమెట్లలో డబ్బలు చేసే ఒక కంపెనీలో చేరాడు. పండుగకు వచ్చినప్పుడు దుకాణం ముందు పారేసిన డబ్బను చించి లోపల చూపించాడు. రెండు అట్టల నడుమ అలలు తిరిగిన కాయితం ఉంటుంది కదా, దాన్ని వాళ్లు ఫ్లూట్ అంటారు. "ఈ గీతలు నిలువుకుండాలె కాకా. అడ్డముంటే డబ్బ కూసుంటది" అన్నాడు. నిలువుగా ఉన్నంతసేపు ఒక్కో అల పైబరువును మోస్తుంది. షీటు మిగులుతుందని అడ్డం తిప్పి కోస్తే మోసే దిక్కుండదు.

ఈ కాయితం మొదట పుట్టింది డబ్బల కోసం కూడా కాదు. 1856లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది దొరల పొడుగు టోపీల లోపల పెట్టడానికట. అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ 1871లో సీసాలు పగలకుండా చుట్టడానికి వాడాడు. టోపీలు పోయాయి, అలలు మిగిలాయి.

చిన్న కంపెనీల్లో పని ఇలా నడుస్తుంది. క్రాఫ్ట్ కాయితం రీలును వేడి పళ్ల రోలర్ల నడుమ పంపి అలలు తీస్తారు. అలల కొసలకు స్టార్చ్ గమ్ము పట్టించి అట్ట అంటిస్తారు. త్రీ ప్లై, ఫైవ్ ప్లై అని పొరలు పెంచుకుంటూ పోతారు. ఆరాక మడత గీతలు వేస్తారు, మూలల దగ్గర గాట్లు కోస్తారు, చివరికి పిన్నులు కొడతారు. చెప్తే నాలుగు ముక్కలే. అసలు విద్యంతా గమ్ములో ఉంది. పలుచనైతే తేమ ఎక్కి షీటు వంకర పోతుంది. తక్కువైతే ఎండాక పొరలు ఊడతాయి. వానాకాలంలో ఒక లెక్క, ఎండాకాలంలో ఇంకో లెక్క. పడుగుకు గంజి పట్టించే సైజింగ్ పని చేసిన సిరిసిల్ల మనిషికి ఈ పాఠం సగం వచ్చినట్టే.

మిగతా సగం బొటనవేలి కింద ఉంటుంది. డబ్బ బలం అట్ట అంచు తట్టుకునే ఒత్తిడి మీద, అట్ట మందం మీద, డబ్బ చుట్టుకొలత మీద ఆధారపడుతుందని 1963లో మెక్‌కీ అనే ఆయన సూత్రం కట్టాడు. పిలగాడికి ఆ పేరు తెలియదు. కానీ రోలర్ బిగువెక్కి అలలు నలిగితే షీటును బొటనవేలితో నొక్కి చూసి "ఇది చచ్చిపోయింది" అంటాడు. మందం పోయిందంటే బలం పోయిందన్నమాటే. పేర్చిన బరువులో ఎక్కువ భాగాన్ని నాలుగు మూలలే మోస్తాయి. కాబట్టి గాటు కొంచెం లోపలికి కోసినా, పేర్చేటప్పుడు డబ్బ కొంచెం జరిగినా నష్టమే. మంచి డబ్బను కూడా తేమలో వదిలేస్తే సగం దాకా బలం తగ్గుతుంది.

ఇదంతా అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. హెల్పర్‌గా చేరి, ఊడ్చి, రీళ్లు దొర్లించి, పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాడు. అట్టను కోసే పంచింగ్ మెషీన్ మీద పని నేర్పిన మేస్త్రీకి ఎడమచేతి చూపుడువేలు కొస లేదట. అదే అక్కడ భద్రతా పాఠం. షీటు పెట్టే చెయ్యి, మూసుకునే ప్లేటు, నిమిషానికి ఇన్ని ముక్కలు రావాలనే తొందర కలిసే చోట అనుభవం ఒక్కటే కాపాడదు.

మన చదువుల్లో ఈ పనికి చోటు ఎక్కడుంది? ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ 1966లో ముంబైలో మొదలైంది. హైదరాబాదులోనూ శాఖ ఉంది. అక్కడ పేరున్న పీజీ డిప్లొమా డిగ్రీ చదివినవాళ్లకే. ఇంటర్ తప్పినవాడు గేటు దగ్గరే ఆగుతాడు. ఇటు రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో శంకుస్థాపన జరిగింది. రోబోలు, కొత్త మెషీన్లు రానీయండి, మంచిదే. కానీ ఊరూరా వాడే డబ్బ చేసే మెషీన్‌ను ఒక మూలన పెడితే ఏ కొరత వస్తుందని?

కాయితం మనకు కొత్త కాదు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చి మళ్లీ తెరుచుకుంది. అదే జేకే పేపర్ 2022 చివర్లో డబ్బలు చేసే హొరైజన్ ప్యాక్స్‌ను కొన్నది. పెద్ద కంపెనీలకు ఈ పని విలువ తెలిసిపోయింది. బీడీలు చుట్టి వేళ్లు తీరిన మా వైపు ఆడవాళ్లకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. పిలగాడి కంపెనీలో ఆడవాళ్లు అంటించడానికి, కట్టలు కట్టడానికే. మెషీన్ దగ్గరికి రానివ్వరు. రానివ్వకపోతే ఆపరేటర్ జీతమూ రాదు.

పని చేస్తూ నేర్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. దాన్ని కాయితం మీద టిక్కులు పెట్టించి ముగించకూడదు. అభ్యర్థి చేతికి నాలుగు షీట్లు ఇచ్చి, నలిగినదేదో, తేమ ఎక్కినదేదో, అలలు అడ్డం తిరిగినదేదో ఏరమనాలి. ఆ పరీక్ష పెట్టేవాడు కూడా మెషీన్ దగ్గర పదేళ్లు నిలబడినవాడై ఉండాలి, రోజుకింత అని అతనికి జీతమివ్వాలి. నేర్పితే వేరే కంపెనీకి పోతారని యజమానులు అంటారు. నేర్పకపోయినా పోతూనే ఉన్నారు కదా.

సిరిసిల్లలో అలాంటి క్లాసు పెడితే వచ్చి చెప్తావా అని పిలగాణ్ని అడిగాను. "వస్త కాకా. కానీ మొదటి రోజు డబ్బ చెయ్యం. మెషీన్ ఆపే బటన్ పనిజేస్తున్నదో లేదో చూసుడు నేర్పుత" అన్నాడు.